మా ఆవిడ చెప్పింది

మా ఆవిడ ఓర్పు గురించి మా చుట్టాలు చెప్పుకునే కథ అబద్ధం. గుండెలో వాల్వు పాడైపోతున్నా నోరు మెదపలేదట, ఇంటిల్లిపాదికీ వండిపెడుతూనే ఒకరోజు కూలిపోయిందట. ఆ కథ పుట్టించింది నేనే. కాబట్టి కొట్టిపారేయవలసిందీ నేనే.

ఆవిడ చెప్పింది. మొదటిసారి, మేడమీద వడియాలు పెట్టి దిగివచ్చినప్పుడు "మెట్లెక్కితే ఆయాసం వస్తోందండీ" అంది. కొన్నాళ్ళకి "దడగా ఉంటోంది, పడుకుంటే దగ్గొస్తోంది, లేచి కూర్చుంటే తగ్గుతోంది" అంది. ఇంకొన్నాళ్ళకి పాదం మీద వేలితో నొక్కి చూపించింది. సొట్ట అలాగే ఉండిపోయింది. ఒక్కో బాధనీ దాని పేరుతోనే చెప్పింది. నేను అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టాను, నలత అని.

నాకు మందుల షాపు ఉంది. కౌంటరు ముందు నిలబడినవాళ్ళను ఊరికే వదలను. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, తినకముందా తిన్నాకా అని అడుగుతాను. అనుమానం వస్తే బిళ్ళ ఇవ్వకుండా తణుకులో డాక్టరు దగ్గరికి పంపేస్తాను. ఊళ్ళో ఆ పేరుంది నాకు. ఇంట్లో మాత్రం జేబులోంచి గ్యాస్ బిళ్ళ తీసి ఇచ్చేవాణ్ణి.

"ఇది గ్యాస్ కాదండీ" అనేది.

"మందుల షాపు నీదా, నాదా?" అనేవాణ్ణి. నవ్వేవాణ్ణి కూడా.

ఎవరైనా "ఇంట్లో అందరూ కులాసాయేనాండీ?" అంటే "కులాసాయేనండీ, మా ఆవిడకే కాస్త నలత" అనేవాణ్ణి. రెండేళ్ళు అదే మాట. నలత అన్నాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. అందుకే ఆ మాట నాకంత నచ్చింది.

వంటింట్లో పడిపోయాక రాజమండ్రిలో ఆపరేషన్ చేసి వాల్వు మార్చారు. డాక్టరు బయటికి వచ్చి "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అని అడిగాడు. పక్కన మా అక్క, అన్నయ్య ఉన్నారు.

"తను ఏనాడూ చెప్పలేదండీ" అన్నాను.

ఇంటికి వచ్చాక ఆ మాట ఆవిడ చెవిన పడింది. నన్నేమీ అడగలేదు. నాతో తన ఒంటి సంగతి చెప్పడం మాత్రం మానేసింది.

మొన్న కార్తీకంలో అన్నయ్య ఇంట్లో వ్రతం. భోజనాల దగ్గర వడ్డిస్తున్న అన్నయ్య కోడలు పులిహోర గిన్నె కిందపెట్టి గోడకి ఆనుకుంది. "కడుపులో ఒకటే పోటండీ, నిన్నటి నుంచి" అంది. విస్తరి ముందు నుంచే మా అక్క అందుకుంది.

"ఈ కాలం పిల్లలకి చీమ కుట్టినా చెప్పుకోవాలి. మీ చిన్నత్తగారిని చూడవే తల్లీ! గుండె ఆగిపోతున్నా నోరు విప్పిందా? ఏరా, చెప్పిందా?"

మా ఆవిడ ఎదురు బంతిలో ఉంది. పప్పులో నెయ్యి కలుపుకుంటూ తలెత్తలేదు.

"చెప్పింది" అన్నాను.

"ఏంటి?"

"రెండేళ్ళు చెప్పిందక్కా. నేనే వినలేదు. హాస్పిటల్లో మీకు అబద్ధం చెప్పాను."

"ఊరుకోరా! వ్రతంపూట పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావా?"

"వెనకేసుకురావట్లేదు. ఇన్నాళ్ళూ ఆవిడ ఓర్పు వెనకాల దాక్కున్నాను. ఇంక ఆ కథ నా ముందు చెప్పకు. ఈ పిల్లకి అసలే చెప్పకు."

"మా బాగా గుర్తొచ్చిందిలే, ఇన్నాళ్ళకి!"

"గుర్తు రాకేం? చెప్పడానికే సిగ్గు అడ్డమొచ్చింది."

అన్నయ్య నావైపు చూడలేదు. చూడకపోతే పోనీ అనుకున్నాను. నా పరువు కోసం ఆ పిల్ల కడుపు పట్టుకుని పులిహోర వడ్డించనక్కర్లేదు.

మా ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి "ఎక్కడమ్మా పోటు? కుడివైపా, ఎడమవైపా?" అని అడిగింది. ఆ పిల్ల కుడివైపు కింద చూపించింది.

"ఆటో పిలవండి" అంది నాతో.

తణుకులో ఆ పిల్లని స్కానింగుకి లోపలికి తీసుకెళ్ళారు. బయట బల్లమీద మేమిద్దరం. ముందు ఆవిడే మాట్లాడింది.

"నాకు మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేస్తోందండీ." కాస్త ఆగి, "దీనికీ గ్యాస్ బిళ్ళేనా?" అంది.

"ఏ మోకాలు? ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.