వెనక లైట్లున్న ఫోన్

ఉప్పల్ మెట్రో స్టేషన్ కింది దుకాణంలో గేమింగ్ ఫోన్ చూపించమనగానే, కౌంటర్ దగ్గరున్న అమ్మాయి "పిల్లలకా అంకుల్?" అని అడిగింది. "ఔనమ్మా" అన్నాను. మా ఇంట్లో పిల్లలెవరూ లేరు. ఉన్నది నేనూ నా భార్యా. నాకు యాభై దాటాయి, ఫోన్లో పేకాట కూడా ఆడను.

నాకు కావలసింది ఆ ఫోన్ వీపు మీది లైట్లు. కాల్ వస్తే అవి ఎర్రగా, నీలంగా చక్కర్లు కొడతాయి. నాచారం ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్సుల మధ్య సగం జీవితం గడిపాను. ఆ మోతకు నా చెవులు సన్నటి చప్పుళ్ళను వినడం మానేశాయి. ఎదురుగా నిలబడి మాట్లాడినా, ఫోన్ చెవికి ఆనించుకున్నా బాగానే అందుతుంది. వెనక నుంచి పిలిస్తే అందదు. కుక్కర్ కూత అందదు. ఫోన్ జేబులో ఉంటే వణుకు తెలుస్తుంది గాని, బల్ల మీద పెట్టానంటే అది మోగి మోగి ఊరుకోవలసిందే.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాలు విరిగినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. చెవిటివాడంటే మాత్రం జనానికి జాలి కన్నా ముందు నవ్వొస్తుంది. నన్ను చూసి నవ్వితే ఊరుకునే రకం కాదు నేను. మామూలు ఫోన్లలోనూ కాల్ వస్తే టార్చి మెరిసేలా పెట్టుకోవచ్చని తర్వాతెప్పుడో తెలిసింది. అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్ళే. అడగాలంటే ఎందుకో చెప్పాలి కదా.

ఆ ఆదివారమే చెంగిచెర్ల నుంచి మా బావమరిది వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా అతను చూసి సరే అంటేనే అది కొన్నట్టు. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు, ఏదో కార్ల రేసు దించుకుని చాలాసేపు ఆడాడు.

"గేమ్‌కైతే మస్తున్నది బావ, ఏడ ఆగుతలేదు. గని నీకెందుకు గిది? కెమెరా ఏం మంచిగ లేదు. బరువు జూస్తే ఇటుక లెక్కున్నది."

"బ్యాటరీ మంచిగొస్తదన్నరు."

"గీ లైట్లకే సగం చార్జింగ్ ఒడుస్తది. బంద్ చెయ్యనా?"

"ఉండనియ్యి" అన్నాను, కాస్త గట్టిగానే. నా భార్య వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసింది.

అతను అన్నవన్నీ నిజమే. చొక్కా జేబులో వేస్తే భుజం ఒకపక్కకు లాగుతుంది. మధ్యాహ్నం ఎండలో కాసేపు మ్యాపులో దారి చూసుకుంటే చాలు, అప్పుడే దించిన చాయ్ గిన్నెలా కాలుతుంది. కాప్రా చెరువు దగ్గర నా భార్యను ఫోటో తీస్తే, ముఖానికి సున్నం కొట్టినట్టు వచ్చింది. ఆమె ఒకసారి చూసి, తీసెయ్యమంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో అయితే నేను అడుగుపెట్టగానే "డీజే అన్న వచ్చిండు, జరగున్రి" అనడం మొదలుపెట్టారు. ఓ పెళ్ళిలో మా బంధువులూ అదే మాట అన్నారు. లైట్ల కోసం అదీ భరించాను.

అయినా ఆ ఫోన్ నాకు నచ్చింది. బోర్లా పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే, ఎవరు చేసినా ఎత్తగలిగాను. కాల్ ఏమైనా పోయిందేమోనని మాటిమాటికీ తీసి చూసుకునే పని తప్పింది. రోజువారీ వాడకానికి ఇంతకన్నా మంచి ఫోన్ లేదని ఎవరితోనైనా వాదించేవాణ్ణి. ఎందుకంటే మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

శ్రావణమాసంలో ఒక సోమవారం నా భార్య వాడకట్టు ఆడవాళ్ళతో కీసరగుట్టకు వెళ్ళింది. వాళ్ళంతా అటునుంచటే వేరే ఊరికి పోతారు, తను ఒక్కతే కాప్రాలో దిగి ఫోన్ చేస్తుంది, నేను బండి మీద వెళ్ళి తీసుకురావాలి. సాయంత్రం వాన మొదలైంది. నేను ఫోన్‌ను స్టూలు మీద బోర్లా పెట్టి, బండి తాళం చేత్తో పట్టుకుని కూర్చున్నాను. లైటు వెలగలేదు. బస్సు ఆలస్యమైంది కాబోలు అనుకున్నాను.

తలుపు తోసుకుని ఆమే వచ్చింది. నిలువునా తడిసింది, నుదుటి కుంకుమ చెంపల మీదికి కారింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోన్ తిప్పి చూస్తే తెర నిండా ఆమె చేసిన కాల్సే.

"ఫోన్ ఖరాబైంది" అన్నాను. "లైటే రాలె. రేపు వోయి వాపస్ ఇచ్చేస్త."

"ఖరాబ్ గాలె" అంది, కొంగు పిండుకుంటూ. "పొద్దుగాల నేనే బంద్ జేసిన. ఎట్ల జెయ్యాల్నో తమ్ముడు చెప్పిండు. నలుగురు నిన్ను జూసి నవ్వుతుంటే నాకు మంచిగ అనిపిస్తలేదు." నా వైపు తిరిగి అడిగింది. "లైట్లకు, ఫోన్ ఎత్తుడుకు ఏం సంబంధం? రింగయితే ఎత్తవా?"

చార్జింగ్ అయిపోయిందనో, కునుకు పట్టిందనో చెప్పొచ్చు. ఇన్నాళ్ళూ అలాంటివే చెప్పుకొచ్చాను. ఆమె చీర అంచు నుంచి గచ్చు మీద నీళ్ళు కారుతుంటే నాకు అబద్ధం రాలేదు.

"రింగయింది నాకు తెల్వదు. నాకు ఇనబడ్తలేదు. చానా రోజుల సంది."

ఆమె చేతులు ఆగిపోయాయి. నవ్వుతుందేమోనని ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. నవ్వలేదు.

"ఎన్కకెల్లి పిలిస్తే?"

"ఇనబడదు."

"వంటింట్లకెల్లి?"

"అది గూడ."

ఆమె తడి బట్టలతోనే గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. నాకు కంగారు పుట్టింది. "ఫికర్ చెయ్యకు, దవాఖానాల చూపించుకుంట. చెవుల మిషన్ పెడ్తరంట" అన్నాను.

"నేను దానికి ఏడుస్తలేను" అంది. "అన్నం తిందువు రా అని, చాయ్ తాగుతవా అని, వంటింట్లకెల్లి ఎన్నిసార్లు పిలిచిన. పలుకకపోతివి. నా మీద మనసు ఇరిగింది, గందుకే పలుకుతలేడు అనుకున్న. ఇగ పిలుచుడే ఇడిసిపెట్టిన."

ఆమె పిలవడం మానేసిందని కూడా నాకు తెలియదు.