మడమ చప్పుడు

ఏలూరులో మా వీధి చివరి కాలువ వంతెనను పరీక్షించడానికి ఏటా వానలకు ముందు ఒక ఇంజినీరు గారు వచ్చేవారు. నడిమధ్య నిలబడి, బూటు మడమతో గట్టిగా ఒక్క దెబ్బ వేసి, ఆ చప్పుడును చెవి ఒగ్గి వినేవారు. ఆపైన చిరునవ్వుతో, "నిక్షేపంగా ఉందండీ" అనేవారు.

మండవల్లి నుంచి చేపల లారీ ఆ వంతెన ఎక్కితే మా కిటికీ అద్దాలు గజగజలాడేవి. అయినా ఆయన మర్యాద చూస్తే నమ్మాలనిపించేది. స్కూటరు మాత్రం ఏనాడూ వంతెన ఎక్కించేవారు కాదు, మా గేటు దగ్గరే ఆపేవారు. నా అనుమానమల్లా అక్కడే.

నిరుడు మడమతో కొట్టి ఆ మాట అంటుండగానే ఆయన ఫోను మోగింది. చేసింది వాళ్లమ్మాయి వెళ్లే స్కూలు వ్యాను డ్రైవరు. "మెయిన్ రోడ్డు జామైందండీ, పాపని కాలువ వంతెన మీంచి తెచ్చేస్తానండీ" అనడం నాకూ వినిపించింది.

"వద్దొద్దు బాబూ. ఆలస్యమైనా పర్లేదు, మెయిన్ రోడ్డు మీదే రా."

ఫోను జేబులో పెట్టుకుని తిరిగేసరికి ఎదురుగా నేనున్నాను.

"మా పిల్లల వ్యాను రోజూ ఇటే వస్తుందండీ" అన్నాను.

ఆయన కాలువ వైపు తిరిగారు.

"నిక్షేపంగా ఉందండీ" అన్నారు. ఈసారి మడమతో కొట్టలేదు.