సబ్బుకు పోని నీలి మచ్చ

మొన్న రక్తపరీక్షకు వెళ్తే నర్సమ్మ నా మణికట్టు మీద స్పిరిటు దూదితో రెండుసార్లు రుద్దింది. "సిరా అంటింది తాతా, పోతలేదు" అంది. సిరా కాదు, బొగ్గు. గనిలో దెబ్బ తగిలినప్పుడు గాయంలో బొగ్గుపొడి ఉండిపోతే, మానిన చర్మం కింద నీలంగా నిలిచిపోతుంది. గోదావరిఖనిలో మా వయసు వాళ్ళ ఒంటి మీద ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి. ఇంటికి రాగానే పాత డైరీల్లోంచి తొంభైల నాటి ఒక డిసెంబరు తీశాను.

నేను గనిలో కూలీల పని, భద్రత చూసే సర్దారుగా చేశాను. షిఫ్టు చివర రిపోర్టు రాయడం నా పని; ఆ అలవాటే ఇంట్లో డైరీ అయింది. చర్చిలో సంఘపెద్దను కూడా కాబట్టి, క్రిస్మస్ నెలలో ఏ రోజు ఏ క్వార్టర్‌లో ప్రార్థన అన్న జాబితా నేనే వేసేవాణ్ణి. ఆ ఏడు మా అక్క ఇంటిని ఆమెను అడగకుండానే చేర్చాను. అంతకు ముందు ఏడాది బావ గనిలో కప్పు కూలి చనిపోయాడు. అప్పటినుంచి అక్క చర్చి గడప తొక్కలేదు. జాబితాలో ఇల్లు ఉంటే మనిషి తిరిగి వస్తుందని నా నమ్మకం.

అక్క ఇంటి వంతు వచ్చిన రోజు, మొదటి షిఫ్టు అయ్యాక స్నానం చేసి, మా కాకను వెంటబెట్టుకొని వెళ్ళాను. కాక మా నాన్న తమ్ముడు, జీవితమంతా బొగ్గు టబ్బులు నింపి రిటైరైనవాడు. చదువు లేదు, నా ప్రసంగాలకు హాయిగా నిద్రపోయేవాడు. దేవుడు మనిషిగా ఎందుకు పుట్టాడో నేను నాలుగు పేజీలు రాసుకున్నాను.

అక్క తలుపు సగమే తెరిచింది. కూర్చోమనలేదు. గుమ్మంలో నిలబడే మొదటి పేజీ చదివాను. రెండోది తిప్పబోతుంటే ఆపింది.

"తమ్మీ, నీ దేవుడు ముప్పై మూడేండ్లు ఈడ ఉండి మీదికి పోయిండు. డ్యూటీ అయిపోయింది. షిఫ్టు అయినంక కింద ఎవడున్నడో ఎవలకు యాదుంటది? మీ బావ నలిగిపోయిండని ఆయనకేం ఎరుక?"

నేను మిగతా పేజీలు తిరగేశాను. కాక చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు జరిగాడు. మోచేతి కింద జానెడు నీలి గీత.

"బిడ్డా, నేను గనిల దిగుడు బందువెట్టి పదేండ్లాయె. మీ చిన్నమ్మ రుద్దీ రుద్దీ సబ్బులు అరిగినయి గాని ఇది పోలే. ఆయనది సుత గంతే. సమాధిల నుంచి లేచినంక శిష్యులకు చేతులు చూపిండు గదా, గాయాలు గట్లనే ఉన్నయి. ఈ ఒళ్లు ఈడ ఇడిసిపెట్టి పోలే, దీనితోనే పోయిండు. ఇయ్యాల్టికి పైన మనిషిగనే కూసున్నడు, మచ్చలతోని. ఎట్ల మరుస్తడు?"

రోజూ అలాంటి మచ్చనే చూసుకుంటూ చెయ్యి కడుక్కునే నాకు ఈ మాట ఏనాడూ తట్టలేదు.

అక్క ఏడవలేదు. కాక చేతిని వెలుతురుకు తిప్పి, బొటనవేలితో ఆ గీతను ఒకసారి రుద్ది చూసింది. బావ వీపు మీద అలాంటివి ఎన్నో ఆమెకు తెలుసు. తలుపు పూర్తిగా తీసింది.

"లోపలికి రాండ్రి, చాయ్ పెడత. తమ్మీ, ఆ కాగితాలు మాత్రం మల్ల తియ్యకు."

ఆనాటి డైరీలో ఉన్నది ఇంతే: "అక్క ఇంట్లో ప్రార్థన జరగలేదు. చాయ్ తాగాము." ప్రసంగం పాడైందన్న ఉడుకుతో కాబోలు, కాక మాట రాయలేదు. క్రిస్మస్ ఆరాధనకు అక్క వచ్చి చివరి వరుసలో కూర్చున్న సంగతి మాత్రం రాసి ఉంది.

మొన్న నర్సమ్మ మూడోసారి రుద్దబోతే వద్దన్నాను. ఇన్నేళ్ళలో కాక పోయాడు, అక్క పోయింది, మా గని మూతపడింది, డైరీల్లో సిరా సగం వెలిసిపోయింది. రాయకుండా వదిలేసిన ఆ ఒక్క మాట మాత్రం నా మణికట్టు మీద చెక్కుచెదరలేదు.