సిమెంటు గట్టిపడేదాకా

పోయిన ఆదివారం మధ్యాహ్నం కమ్మింగ్‌లో మా ఇంటి వెనక ఎండలో కూర్చుని బత్తాయి ఒలుచుకుంటూ ఉంటే, పార్సిప్పనీ నుంచి మా స్నేహితురాలి కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఎముకల డాక్టరు. తుంటి, మోకాలి కీళ్ళ మార్పిడిలో తనకి ఫెలోషిప్ వచ్చిందన్న సంగతి వాళ్ళమ్మ కంటే ముందు నాకే చెప్పాలనిపించిందట. సంతోషపడి నాలుగు మాటలు చెప్పాక, "ఆంటీ, మీ ఫెలోషిప్ ఇయర్‌లో మీరు స్కేర్డ్ అయ్యారా?" అని అడిగింది. వేళకి తిను, నిద్ర పాడుచేసుకోకు అని పెద్దవాళ్ళు చెప్పే మాటలే చెప్పి పెట్టేశానుగానీ, ఒలిచిన బత్తాయి తొనలు గిన్నెలో అలాగే ఉండిపోయాయి. భయపడ్డానా అంటే, ఏమని చెప్పను?

మన తరంలో ఇక్కడికి వచ్చి వైద్యం చేసినవాళ్ళకి ఆ దారి ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. విశాఖపట్నంలో ఎముకల వైద్యం చదివిన నేను, పెళ్ళయి మావారి ఉద్యోగం వెంట చికాగో పక్కనున్న షామ్‌బర్గ్ వచ్చి, పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచీ రాసి, ఎన్నో తలుపులు తట్టాక చికాగోలో ఒక ఆసుపత్రిలో ఆ ఏడాది శిక్షణ సంపాదించుకున్నాను. ఫెలోషిప్ అంటే చదువంతా ముగిశాక ఒక్క పనిని మాత్రమే, అందులో ఆరితేరిన మనిషి పక్కన నిలబడి నేర్చుకోవడం. మా గురువుగారు పొడవాటి మనిషి, మాటలు బహు తక్కువ. ఆయన ఆపరేషన్ థియేటర్లో పాటలుండవు, కబుర్లుండవు. నా చేతిలో సుత్తి దెబ్బ ఒక్కటి ఆయనకి నచ్చకపోతే కోప్పడేవారు కాదు, అరచెయ్యి చాచేవారు. పనిముట్టు ఆ చేతిలో పెట్టేసి నేను పక్కకి జరగాలి. తిట్టినా బాగుండేదేమో, ఆ చాచిన చెయ్యి మాత్రం కలలోకి కూడా వచ్చేది. సగం ఏడాది గడిచినా, కొత్త కీలుని ఎముకలో అతికించే సిమెంటు పెట్టే ఘట్టం ఒక్కసారి కూడా నాకు వదల్లేదు. మంచులో కారు నడుపుకుంటూ ఇంటికొచ్చి, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే కాసేపు కూర్చుని, మొహం సరిచేసుకుని పైకెళ్ళిన సాయంత్రాలు చాలా ఉన్నాయి.

అలాంటి రోజుల్లో వచ్చారు ఆ మామ్మగారు. నరసాపురం దగ్గర బళ్ళో పాఠాలు చెప్పి రిటైరై, షామ్‌బర్గ్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆదివారం తెలుగు చర్చికి కారెక్కడం దిగడం కూడా కష్టమయ్యేంతగా తుంటి అరిగిపోయింది. ఇంగ్లీషు చదవడం వచ్చిన మనిషే, కానీ నొప్పి మొదలయ్యిందంటే ఆ భాష ఎటుపోయేదో పోయేది. నేను తెలుగులో పలకరించేసరికి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పక్కనే ఉన్న కూతురు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఏమనుకోవద్దండీ, సర్జరీ చేసేది పెద్ద డాక్టరే కదా, మీరు కాదు కదా?" అంది. అందులో తప్పేముంది, నా తల్లి అయితే నేనూ అదే అడిగేదాన్ని. ఆయనే ఉంటారు, నేను పక్కన ఉండి ఆయన చెప్పినంతవరకు చేస్తాను అని ఉన్నమాట చెప్పాను. "ఎవరు చేస్తే ఏంలే తల్లీ, ప్రభువు చూసుకుంటాడు. నువ్వు మాత్రం నాకు మాట వినపడేంత దూరంలో ఉండు" అన్నారు మామ్మగారు.

ఆవిడకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. అందుకని పూర్తి మత్తు ఇవ్వకుండా, నడుముకి ఇంజెక్షన్ చేసి కింది భాగం మాత్రం మొద్దుబారేలా చేసి, జోగుతూ ఉండేటంత మందే ఇచ్చారు. ఆవిడ తల దగ్గర మత్తు డాక్టరు, తుంటి దగ్గర గురువుగారూ నేనూ, నడుమ నిలువుగా కట్టిన నీలం తెర. ఆవిడ మొహం నాకు కనిపించదు. తుంటి గుంటలో కొత్త కీలు తాలూకు గిన్నె కూర్చడం సవ్యంగా అయిపోయింది. తొడ ఎముక లోపలంతా కడిగి ఆరబెట్టాం. ఎముక బాగా గుల్లబారి ఉండడంతో, లోపలికి దిగే లోహపు కాడని సిమెంటుతో నిలబెట్టాలని ముందే అనుకున్నాం. అది ఇళ్ళు కట్టే సిమెంటు కాదు. పొడీ ద్రవమూ కలిపితే పిండిముద్దలా అయి, వేడెక్కి, చూస్తుండగా రాయైపోయే పదార్థం. దాని ఘాటు వాసన గదిలో లేవగానే, గురువుగారు ఎప్పటిలా చెయ్యి చాచలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, నాకేసి చూసి తలూపారు.

సిమెంటు నింపాను, కాడని నెమ్మదిగా లోపలికి దింపాను. అది అనుకున్న చోటికి చేరింది. ఇక సిమెంటు గట్టిపడేదాకా దాన్ని ఇసుమంత కూడా కదలకుండా పట్టుకోవాలి. అప్పుడు కదిలిందా, ఆ కీలు ఎప్పటికీ వదులే, ఆ మనిషికి మళ్ళీ కోత తప్పదు. ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను.

తెర అవతలినుంచి గొంతు వినిపించింది. "అమ్మాయ్... ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందే... గాలి చాలట్లా."

ఆ గదిలో ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే. మామ్మగారికి మెలకువ వచ్చి ఏదో అడుగుతున్నారనుకుని మత్తు డాక్టరు మందు కాస్త పెంచబోతున్నాడు. మానిటర్ మీది అంకెలింకా మామూలుగానే ఉన్నాయి. సిమెంటు ఒత్తిడికి ఎముకలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఎంతో అరుదుగా ప్రాణం మీదికి తెస్తుందని పుస్తకాల్లో చదువుకున్నాను గానీ కళ్ళతో ఎన్నడూ చూడలేదు. నిశ్శబ్దమే నియమమైన ఆ గదిలో, నా గొంతు నాకే కొత్తగా వినపడేలా, ఆవిడకి ఊపిరి అందడంలేదు, మత్తు పెంచకండి అని ఇంగ్లీషులో అరిచాను. అతను చప్పున ఆగి, ఆక్సిజన్ పూర్తిగా తిప్పి, రక్తపోటు మళ్ళీ చూశాడు. సగానికి సగం పడిపోయింది. సూదులు, మందులు, పరుగులు మొదలయ్యాయి. గుండె చప్పుడు వినిపించే యంత్రం స్వరం, రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ, మెట్టు మెట్టుగా కిందికి దిగుతోంది.

ఆవిడ దగ్గరికి పరుగెత్తాలని కాళ్ళు లాగుతున్నాయి, చేతులు మాత్రం ఎముకలో ఉన్నాయి. గురువుగారు నా చెవి పక్కకి వంగి మెల్లగా అన్నారు, "డోంట్ మూవ్. కీప్ టాకింగ్ టు హర్."

చేతులు రాయిలా పెట్టి నోటితో మాట్లాడడం మొదలుపెట్టాను. మామ్మగారూ, నేనిక్కడే ఉన్నాను, గట్టిగా గాలి పీల్చండి అన్నాను. జవాబు లేదు. అయిపోవచ్చింది మామ్మగారూ, మీరు పలకాలి అన్నాను. జవాబు లేదు. ఇంకేం చెప్పాలో తోచక, మీరు ఇంటికెళ్ళాక నాకు చేపల పులుసు పెట్టాలి, షామ్‌బర్గ్‌లో మీ వీధి అవతలే మేమూ ఉంటాం, తప్పించుకోలేరు అని ఏదేదో మాట్లాడుతూ పోయాను. యంత్రం కిందిస్వరంలోనే కొట్టుకుంటోంది. మాస్కులోపల నా కన్నీళ్ళు నాకే ఉప్పగా తగులుతున్నాయి, తుడుచుకునే వీలు లేదు. ఆ స్వరం కాస్త పైకి లేచినట్టనిపించింది, నా భ్రమేమో అనుకున్నాను. మరోమెట్టు లేచింది.

"ఉప్పు... తగ్గించమంది మా అమ్మాయి" అని తెర అవతలినుంచి నీరసంగా వచ్చింది. "బీపీ ఎక్కువంట నాకు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిగిలిన సిమెంటు ముద్దని గురువుగారు ట్రే మీద కొట్టి చూశారు, టక్కుమని రాయిలా మోగింది. ఇక వదలమన్నారు. నా వేళ్ళు విచ్చుకోకపోతే ఆయనే ఒక్కొక్కటీ విప్పారు.

బయట కూర్చున్న కూతురితో మాట్లాడడానికి ఇద్దరం వెళ్ళాం. జరిగిందంతా గురువుగారు దాచకుండా చెప్పి, ఇవాళ ఐసీయూలో పెట్టి చూస్తామన్నారు. ఆ అమ్మాయి మొహం పాలిపోయి, నావైపు తిరిగి, "ఆ టైంలో చేస్తున్నది మీరేనా?" అని అడిగింది. నేనే అన్నాను. ఇప్పుడు ఏ మాట పడుతుందోనని నిలబడి ఉంటే, చిన్న గొంతుతో, "అమ్మ భయపడిందా అండీ?" అంది. భయపడ్డారు, కానీ మాట్లాడుతూనే ఉన్నారు అన్నాను. అప్పుడు నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు రౌండ్స్‌కి వెళ్ళేముందు గురువుగారు నన్ను ఆపి, ఊపిరి బాగా ఆడుతోందా అని మీ భాషలో ఎలా అడుగుతారు అన్నారు. చెప్పించుకుని, లిఫ్టులో పెదవులు కదుపుతూ వల్లెవేసుకుని, మామ్మగారి మంచం పక్కన నిలబడి, "ఊపీరీ ఆడుతోండా?" అన్నారు. బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి కదా, ఆవిడ ఊరుకోలేదు. దీర్ఘం తీసేసి మళ్ళీ అనమన్నారు, ఆయన బుద్ధిగా మళ్ళీ అన్నారు. ఆ తరవాత ఏడాది ముగిసేలోపు ఆ చెయ్యి నాకేసి చాచలేదని కాదు, చాచారు, చాలాసార్లు. కానీ పనిముట్టు అందించి పక్కకి జరిగేటప్పుడు మునుపటిలా కుంచించుకుపోలేదు.

మామ్మగారు ఆ తుంటితో చాలా ఏళ్ళు తిరిగారు. ఇప్పుడు ఆవిడా లేరు, గురువుగారూ లేరు. నేను ఆపరేషన్లు మానేశాను, వారానికి రెండు పూటలు క్లినిక్‌లో కూర్చుంటాను. ఆవిడ కూతురి ఈడువాళ్ళే ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని వస్తున్నారు. చక్కటి ఇంగ్లీషు, అన్నీ చదువుకుని వస్తారు, నొప్పి ఎలా ఉందంటే పదికి ఏడు అంటారు, మందు వాడాక పదికి నాలుగు అంటారు. ఏ భాషవాళ్ళొచ్చినా మీట నొక్కితే తెరమీద దుబాసీ ప్రత్యక్షమవుతాడు. మంచిదే, ఎవరూ అర్థంకాక ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. అయినా సలుపుతోందనీ, పోటెత్తుతోందనీ, జివ్వున లాగుతోందనీ, మొద్దుబారి నాది కాదన్నట్టుందనీ చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అంకె చెప్పిన తెలుగువాళ్ళని నేను మళ్ళీ తెలుగులో అడుగుతుంటాను, అది కాదండీ, ఎలా ఉంది నొప్పి అని. వాళ్ళు కాసేపు ఆలోచిస్తారు, మాట కోసం వెతుక్కుంటారు, దొరకక నవ్వేసి మళ్ళీ ఏడే అంటారు.