బిడ్డ కంప్యూటర్ల దొరికిన నా ముడి

నా బిడ్డ సుజాత పోయినంక దాని కంప్యూటర్ల ఉన్న ఫొటోలు ఎవ్వరికీ తెర్సుకోలే. కాలేజీల మైక్రోస్కోపుతోని తీసినవంట, గా మిషను ఫైళ్లు మామూలు కంప్యూటర్ల తెర్సుకోవంట. ఇయ్యాల దాని దోస్తు స్రవంతి మోత్కూర్ నుంచి వచ్చి, నల్ల తెర మీద ఒక్క లైను కొట్టంగనే అన్నీ మామూలు ఫొటోలైనయి.

ఒక్కదాంట్లనన్న బిడ్డ మొఖం కనిపిస్తదేమోనని ఆశగ కూసున్న. ఆకులు, పురుగుల రెక్కలే వచ్చినయి. ఆఖర్ల తాడు లెక్క లావుగ ఒకటొచ్చింది.

"గిదేందో తెలుస్తలేదమ్మా, తీసేద్దునా?"

"అయ్యో, తియ్యకు బిడ్డా! గది నేనేసిన ముడి. మగ్గం మీద పోగు తెగితే గట్లనే ఏస్త."

గా పోగు ముక్కను సుజాత కాలేజీకి ఎన్నడు పట్కపోయిందో, నాకు చెప్పనే లేదు. నా చేతిపనిని ఎవ్వరు గంత దగ్గర్నుంచి సూడలే.

గదే ఫొటో నా ఫోన్ తెర మీద పెట్టుకున్న. ముడిని సూసుకుంట ఏడ్చే పిచ్చిది నేనొక్కదాన్నేనా, మీల ఇంకెవరన్న ఉన్నరా?