కజిన్ అని రాయనన్నందుకు

ఒక్క మాట రాయనని మొండికేసి, పద్నాలుగు నెలలు ఒక దేశంతో కొట్లాడిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుణ్ణి నేనే. ఆ యుద్ధంలో నేనెలా మట్టికరిచానో, మధ్యలో ఒక పసివాడి నెత్తికి ఏ గతి పట్టిందో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది కల్వకుర్తి. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు, సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు కొలువు. జనం తెచ్చే దరఖాస్తుల్లో తప్పులు పట్టి వెనక్కి పంపడం నా పని. ఇంటిపేరులో దీర్ఘం తప్పిందని ఒకరిని, సంతకం గడి దాటిందని ఇంకొకరిని తిప్పి పంపేవాణ్ణి. కాగితాల సంగతి నా అంత తెలిసినవాడు జిల్లాలోనే లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నన్ను ముంచింది.

మా చెల్లె స్వరూప ఆస్ట్రేలియాలో నర్సు. ఆమె కొడుకు కిట్టుకు పదో నెల. వాడి పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలన్నది మా ఆచారం. స్వరూపకు, బావకు కొత్త ఉద్యోగాలు, సెలవులు దొరకవు. కాబట్టి పదకొండో నెలకల్లా నేనే అక్కడికి పోవాలి.

వీసా ఫారం నింపించడానికి బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే యాదయ్య దగ్గరికి వెళ్లాను. చుట్టరికం గడి దగ్గర ఆగి, ఆమె మీకేమవుతుందని అడిగాడు. చెల్లె అన్నాను. మరి తండ్రుల పేర్లు వేరువేరుగా ఉన్నాయేమన్నాడు. మా చిన్నాయిన బిడ్డ అని చెప్పాను.

"అయితే కజిన్ అని రాయాలె సార్."

నాకు ఒళ్లు మండింది. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లం. ఆమెకు సైకిలు నేర్పింది నేను, ముళ్లకంపలో పడేసింది కూడా నేనే. ఇంతకంటే చుట్టరికం ఏం కావాలి?

"ఒక్క ఇంట్ల పెరిగిన పిల్లను కజిన్ అంటవా? సొంత చెల్లె అని కొట్టు."

"సొంత అంటే ఒకే తల్లిదండ్రులుండాలె సార్. రోజూ మాకు మీరే చెప్తరు గదా."

నాకే రూల్స్ చెప్తావా అని గదమాయించాను. పాపం, నేను చెప్పినట్టే కొట్టాడు. నెల తిరగకముందే వీసా ఇవ్వబోమని ఉత్తరం వచ్చింది. సొంత చెల్లె అన్నారు, తల్లిదండ్రులు వేరు, చుట్టరికానికి రుజువు లేదు, ప్రయాణానికి చెప్పిన కారణం నమ్మలేకపోతున్నామని దాని సారాంశం.

బుద్ధున్నవాడైతే కొత్త ఫారం నింపేవాడు. నేను అప్పీలుకు పోదామన్నాను. అక్కడున్న తోబుట్టువే అప్పీలు వేయాలంటే స్వరూప చేత వేయించాను. ఇక్కణ్ణుంచి రుజువులు పంపాను. చిన్ననాటి ఫొటోలు, పాత రేషన్ కార్డు నకలు, ఆమె పెండ్లి పత్రిక, ఆమె కట్టిన రాఖీలు, వాటితోపాటు నోటరీ చేయించిన ప్రమాణపత్రం. దాన్ని నేనే ఇంగ్లీషులో రాశాను. పెద్దనాయినను పెద్ద తండ్రి అని, చిన్నాయినను చిన్న తండ్రి అని, పెద్దమ్మను పెద్ద తల్లి అని, చిన్నమ్మను చిన్న తల్లి అని మాటకు మాట దించేశాను. మొత్తం చదివితే తేలేదేమిటంటే, నాకు ముగ్గురు తండ్రులు, ముగ్గురు తల్లులు. ఆ దేశంలో తలనొప్పి మాత్రలకు ఆ వారం కొరత వచ్చే ఉంటుంది.

పదకొండో నెల దాటిపోయింది. తప్పితే మూడో ఏట తీయించాలన్నారు పెద్దవాళ్లు. అప్పీలు కదలలేదు గాని కిట్టు జుట్టు కదిలింది. మొదట క్లిప్పు, తర్వాత పిలక, ఆ తర్వాత రెండు జడలు. పార్కులో అందరూ వాణ్ణి పాప అనుకుని గౌన్లు బహుమతిగా ఇస్తున్నారని బావ ఫోనులో మొత్తుకునేవాడు. ఇక స్వరూప అత్తగారు, పక్కింట్లో ఉండే తెలుగాయన ఒళ్లో కూర్చోబెట్టి కానిచ్చేద్దామన్నారట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

"నా జాగల పరాయోడు కూసునుడేంది చెల్లె? గెలిచే వస్త. అప్పటిదాంక కత్తెర ముట్టనియ్యకు."

"ముట్టనియ్య అన్నా. నువ్వొస్తెనే తీస్తం" అంది స్వరూప, ఏడుపు ఆపుకుంటూ.

విచారణ రోజు యాదయ్య సెంటర్లోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అవతల ఒక పెద్దావిడ అధికారి, పక్కన తెలుగు దుబాసీ, ఇంకో గడిలో స్వరూప. మీ ఇద్దరికీ తల్లిదండ్రులు ఒకరేనా అని అడిగారు. మా తాత దగ్గర మొదలుపెట్టి పావుగంట చెప్పాను. దుబాసీ అంతా శ్రద్ధగా విని, అధికారికి ఒకే ఒక్క మాటలో అప్పజెప్పింది. ఆ మాట నాకు తెలిసిందే.

ఆ మాట అనొద్దని గొడవపడ్డాను. అధికారి స్వరూప వైపు చూశారు.

"మా దిక్కు కజిన్ అన్న మాటనే లేదు మేడం. అన్న అంటే అన్ననే."

నాకు కళ్లు తిరిగినంత పనైంది, సంతోషంతో. గెలిచామనుకున్నాను. అధికారి మీ మాటలు నమ్ముతున్నానన్నారు. కాని ఈ అప్పీలు హక్కు ఒకే తల్లిదండ్రుల పిల్లలకే ఉందట, కజిన్ విషయంలో వినే అధికారం తనకు లేదట. తర్వాత ఇంకేదో అడిగారు. దుబాసీ మర్యాదగా తెలుగులో చెప్పింది.

"కజిన్ అయితే వీసా రాదని మీకెవరు చెప్పారండీ అని మేడం అడుగుతున్నారు."

ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పక్కనే నిలబడ్డ యాదయ్య కొత్త ఫారం తెరిచాడు.

"చుట్టరికం ఏం రాయమంటరు సార్?"

"నీకెరికే గదా, కొట్టు."

"మీ నోటితోటే చెప్పాలె సార్."

చెప్పాను. మూడు వారాల్లో వీసా వచ్చింది. వెళ్లాను. రెండు జడల కిట్టును ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడు వీధి దద్దరిల్లేలా ఏడుస్తుంటే మొదటి కత్తెర వేశాను. నాకూ ఏడుపొచ్చింది. పద్నాలుగు నెలల కొట్లాట ఆ ఒక్క క్షణానికే.

భోజనాల దగ్గర ఆ పక్కింటి తెలుగాయన వచ్చి, ఈయన మీ కజిన్ అట కదా అని స్వరూపను అడిగాడు. స్వరూప ముఖం ఎర్రబడింది.

"కజిన్ గాదు, మా సొంత అన్న" అంది.

నా చేతిలోని ముద్ద జారిపోయింది. గబుక్కున లేచి నిలబడ్డాను.

"కాదండీ, కజిన్‌నే. ఆమె మాట పట్టుకోకుండ్రి, నా వీసా ఇంకా నెల రోజులున్నది."

స్వరూప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమె ఎదుటే కిట్టుగాడి కొత్త గుండు మీద చేయి పెట్టి ఒట్టేశాను. కాగితం అడిగితే కజిన్ అంటాను, మనిషి అడిగితే చెల్లె అంటాను. ఈ జన్మలో ఆ రెండింటినీ మళ్లీ తారుమారు చేయను.