పూర్తిగా కాకపోయినా

ఆదివారం హిందూపురం వస్తానని మా సోషల్ మేడంకు మాటిచ్చాను. శనివారం పొద్దునే ఆమె కూతురు ఫోన్ చేసి, అమ్మ నిద్రలోనే పోయిందని చెప్పింది. అప్పటినుంచి నాకు కుదురు లేదు. దుఃఖం ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. మా మధ్య ఒక వాదన తేలకుండా ఉండిపోయింది.

ఇద్దరం ధర్మవరంలో ఒకే హైస్కూల్లో పనిచేశాం. ఆమె హిందూపురంలో రైలెక్కేవారు, నేను పెనుకొండలో. పట్టుచీరల మూటలవాళ్ల మధ్య నాకోసం బ్యాగు పెట్టి సీటు ఆపేవారు. నేను సరిగా కూర్చోకముందే వాదన మొదలయ్యేది. స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి మన తొలి ప్రధాని ఢిల్లీలో చేసిన ప్రసంగమంటే ఆమెకు ప్రాణం. పాఠంలో ఉన్నా లేకపోయినా ఏటా పిల్లలకు చదివి వినిపించేవారు. అందులో ఒక్కచోటే మా తగువు. దేశం ఎన్నడో చేసుకున్న ప్రతిజ్ఞ పూర్తిగా కాకపోయినా చాలావరకు నెరవేరుతోందని ఆయన అన్నచోటు.

"అది తప్పించుకునే మాట మేడం. పండగ పొద్దు కూడా లోపలికీ రాకుండా బయటికీ పోకుండా గడప మీద నిలబడి మాట్లాడినట్టుండాది."

"దేశం రెండు ముక్కలై ఉండాది. ఊర్లు కాలతాండాయి. పూర్తిగా అనింటే అబద్ధమయ్యేది కదప్పా. లేనిది లేదని చెప్పే ధైర్యం ఆ కాలమోళ్లకుండె."

"ఇంగ్లీషులో చెప్పిరి. మా అవ్వకేం తెలిసింది?"

"తెలీకుంటే నువ్వు చెప్పు. జీతం దేనికి తీసుకుంటాండావు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. నేను ఉడుక్కునేవాణ్ణి. అప్పుడు సంచీలోంచి వేయించిన శనక్కాయలు తీసి నా చేతిలో పోసేవారు. "చప్పట్లు పడినచోటు ఎవురికైనా కనపడుతుంది. గొంతు తగ్గించినచోటు చూడప్పా," అనేవారు. ప్రసంగం వినడం నాకు నేర్పింది ఆమే.

మొన్నటి ఎన్నికలప్పుడు పెనుకొండలో మా వీధి నిండా మైకులే. అందరూ అన్నీ పూర్తిగా చేసేస్తామనేవారే. ఫలానాది మా వల్ల కాదని ఒక్కరైనా అంటారేమోనని, ఒక సభకు పనిగట్టుకుని వెళ్లి చివరిదాకా నిలబడ్డాను. ఎవరూ అనలేదు. ఇంటికి నడిచొస్తుంటే మేడమే గెలిచారని అర్థమైంది. ఆమె రిటైరయ్యాక రైల్లో కలవడం లేదు. హిందూపురం వెళ్లి ఆ మాట ఎదురుగా చెప్పి, ఆమె ముఖం ఎలా వెలుగుతుందో చూడాలనుకున్నాను.

ఇంతలో ఆమే ఫోన్ చేశారు. "ఏమప్పా, ఆ మాట గురించి ఇన్నేండ్లు నేను చెప్పింది తప్పనిపిస్తాంది. నువ్వనిందే సరి. ఆదివారం రా, ఎందుకనేది చెప్తా. ఫోన్లో అయ్యేది కాదు."

అంత్యక్రియలయ్యాక ఆమె కూతుర్ని అడిగాను, ఆ సంగతేమైనా చెప్పారా అని. "లేదన్నా. మీరొస్తారని చిత్రాన్నానికి నిమ్మకాయలు మాత్రం తెప్పించింది," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఈ వారం క్లాసులో ఆ ప్రసంగం నేనే చదివాను. ఆ చోటికి రాగానే ముందు బెంచీ అమ్మాయి లేచి, "తప్పించుకునే మాట మాదిరి ఉండాది కద సార్," అంది. మేడం జవాబు నా నోటిదాకా వచ్చింది. ఇప్పుడది నా జవాబు కూడా. కానీ ఆమె దాన్ని వదిలేసి వెళ్లారు, ఎందుకో నాకు చెప్పకుండానే. క్లాసంతా నన్నే చూస్తోంది. ఆ అమ్మాయి ఇంకా కూర్చోలేదు.